కుక్కలు తెరవలేని తలుపు

తాళాలాయనకి ఆ పేటలో ఒక పేరుంది. ఆయన తెరవలేని తాళం లేదు, ఆయన వేసిన తాళం ఇంకొకడు తెరవలేడు. ఈ రెండో మాట ఆయనే పుట్టించుకున్నాడని గిట్టనివాళ్ళు అంటారు. గిట్టనివాళ్ళకేం, నరం లేని నాలుక, ఎటైనా తిరుగుతుంది. బ్యాంకు బీరువా మొండికేసినా, బడిలో గదికి తాళం పడి పంతులుగారు లోపల ఉండిపోయినా ముందు ఫోను వెళ్ళేది ఆయనకే. ఇరవై రెండేళ్ళ పనితనం. అంతటి మనిషి ఇంట్లో, ఆయన తన చేతులతో బిగించిన తలుపుల్ని రెండు కుక్కలు ఎప్పుడు కావాలంటే అప్పుడు తెరుచుకుని తిరుగుతున్నాయి. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా?

పెద్దదాని పేరు దొర. మనిషి నడుము ఎత్తుంటుంది, పిలిస్తే లేవదు, లేస్తే ఏదో ఒకటి తెరుస్తుంది. చిన్నదాని పేరు చిల్లర. అవసరానికి ఎప్పుడూ దొరకదు, అక్కర్లేనప్పుడు ప్రతి మూలలోనూ ఉంటుంది. దొర ఫ్రిజ్ తలుపు లాగి పట్టుకుంటే చిల్లర లోపలికి దూరి వెన్న డబ్బా తెస్తుంది. ఆ తర్వాత సోఫా కింద పంపకాలు. తగాదా లేకుండా పంచుకునేవాళ్ళు ఆ ఇంట్లో వాళ్ళిద్దరే.

గువ్వ ఆయన ఒక్కగానొక్క కూతురు. తొమ్మిదేళ్ళు. కిందటేడు దాకా ఇంట్లో కుక్కలు రెండు కాదు మూడని వాళ్ళమ్మ అనేది, అంత అల్లరి. ఆ తర్వాత పిల్లకి ముఖం ఉబ్బింది, కాళ్ళు ఉబ్బాయి, మెట్లెక్కితే ఆయాసం వచ్చింది. రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయని డాక్టరు చెప్పిన రోజున తాళాలాయన ఇంటికొచ్చి, బాగానే ఉన్న వీధి తలుపు తాళం ఊడదీసి, తుడిచి, నూనె వేసి మళ్ళీ బిగించాడు. తర్వాత పెరటి తలుపుది. తర్వాత పక్కింటివాళ్ళది, వాళ్ళు వద్దు మొర్రో అంటున్నా వినకుండా.

ఏడు వారాలుగా పిల్ల ఆస్పత్రిలోనే ఉంది. స్కూలు బస్సు నడిపే వాళ్ళమ్మ సెలవు పెట్టి పక్కనే ఉంది. గువ్వ కడుపులో మెత్తటి గొట్టం ఒకటి అమర్చారు. రోజుకి నాలుగుసార్లు ఆ గొట్టానికి మందునీళ్ళ సంచి తగిలించాలి. పాత నీళ్ళు బయటికి వదలాలి, కొత్తవి లోపలికి ఎక్కించాలి. కిడ్నీలు చేయాల్సిన పని ఆ నీళ్ళు చేస్తాయి. కిడ్నీ మార్చే రోజు వచ్చేదాకా ఇదే దారి. ఇందులో మంచి ఏమిటంటే, ఇదంతా ఇంట్లోనే చేసుకోవచ్చు. పిల్ల తన గదిలో పడుకోవచ్చు, బడికీ వెళ్ళొచ్చు. భయం ఏమిటంటే, సంచి తగిలించేటప్పుడు గొట్టం మొనకి రవ్వంత మురికి అంటినా చాలు, కడుపులో ఇన్ఫెక్షన్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఆస్పత్రివాళ్ళు ముందు ఇల్లు చూస్తారు. గది నచ్చితేనే పిల్లని పంపుతారు.

ఇళ్ళు చూసే నర్సుకి యాభై దాటి ఉంటాయి. నవ్వడానికి కూడా డాక్టరు చీటీ రాసివ్వాలనే రకం.

"ఇంట్లో జంతువులున్నాయా?" అని అడిగింది.

"రెండు కుక్కలు సిస్టర్."

"ఎవరికైనా ఇచ్చేయండి. ఒకరింట్లో పిల్లి ఇలాంటి గొట్టమే కొరికింది. ఆ పిల్లాడు మూడు వారాలు ఐసీయూలో ఉన్నాడు."

"ఇంట్లో ఉంటాయి గానీ ఆ గదిలోకి రావు. తలుపేసి ఉంచుతాం."

"మీ కుక్కలు తలుపులు తెరుస్తాయటగా? మీ అమ్మాయే చెప్పింది. వార్డు మొత్తానికి చెప్పింది."

తాళాలాయన కూతురి వైపు చూశాడు. గువ్వ మంచం మీద దిండుకి ఆనుకుని, గొప్ప చెప్పుకోకుండా ఎలా ఉంటానన్నట్టు భుజాలెగరేసింది. ముఖం పాలిపోయి ఉంది, చేతులు పుల్లల్లా ఉన్నాయి. నోరు మాత్రం చెక్కుచెదరలేదు. పిట్ట కొంచెం, కూత ఘనం.

"దొరనీ చిల్లరనీ పంపిస్తే నేను ఇంటికి రాను," అంది. "ఇక్కడే ఉంటా. ఇక్కడ భోజనం బాగుంది."

ఆ భోజనం ఎలా ఉంటుందో వార్డులో అందరికీ తెలుసు. ఎవరూ నవ్వలేదు. పిల్ల వేళాకోళానికి అనలేదని తండ్రికి అర్థమైంది. ఏడు వారాల్లో అది ఏడ్చింది రెండే సార్లు. గొట్టం వేసినప్పుడు కాదు. ఫోన్లో దొర కుంటుతూ కనిపించినప్పుడొకసారి, చిల్లర తన పాత బొంత మీద పడుకుని కనిపించినప్పుడొకసారి. కుక్కలు లేని ఇంట్లో ఈ పిల్ల ముద్ద ముట్టదని ఆయనకి తెలుసు. ముద్ద ముట్టని పిల్ల ఎలా కోలుకుంటుంది?

"సిస్టర్, నేను చేసే పనేంటో తెలుసా?" అన్నాడు ఛాతీ విరుచుకుని.

"తాళాలు. అదీ చెప్పింది."

"అయితే మీరు వచ్చి చూడండి. ఆ గదిలోకి కుక్క కాదు, దోమ కూడా రాదు."

"వచ్చే వారం శనివారం పదిన్నరకి వస్తా. గది బాగుంటే సోమవారం పిల్ల ఇంటికొస్తుంది. గదిలో ఒక్క కుక్క వెంట్రుక కనిపించిందా, కుక్కలైనా పోవాలి, పిల్లైనా ఇక్కడుండాలి."

వరండాలోకి రాగానే భార్య అడిగింది. "ఏమండీ, మన ఫ్రిజ్‌కి గొళ్ళెం పెట్టారు కదా, ఎన్నాళ్ళు ఆగింది?"

"అది వేరు, ఇది వేరు."

"రెండు రోజులు. మూడో రోజు వెన్న డబ్బా సోఫా కింద దొరికింది."

"అది వెన్న. ఇది పిల్ల ప్రాణం. నీకు ఆ తేడా తెలీదేమో గానీ నా చేతులకి తెలుసు."

ఆవిడ పిల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

అసలు చిక్కు మర్నాడు పని మొదలుపెట్టాక తెలిసింది. మామూలు గడియ వేస్తే ఏ కుక్కా తీయలేదు, అందులో గొప్పేం లేదు. కానీ సంచి తగిలించే మనిషి ముందు బయట సబ్బుతో మూడు నిమిషాలు చేతులు తోముకోవాలి. తోముకున్న చేతులతో ఇక దేన్నీ ముట్టకూడదు. హ్యాండిల్ ముట్టకూడదు, గడియ ముట్టకూడదు, తాళంచెవి అసలు ముట్టకూడదు. అంటే తలుపు మోచేత్తోనో కాలితోనో తెరుచుకోవాలి. మరి మోచెయ్యి చేయగలిగిన పని కుక్క కాలు చేయలేదా? దొర అయితే మోచేతికంటే నాజూగ్గా చేస్తుంది.

మొదట కింద పాదంతో నొక్కే మీట పెట్టాడు. చిల్లర దాన్ని రెండుసార్లు వాసన చూసింది, మూడోసారి దానిమీద కూర్చుంది. తలుపు తెరుచుకుంది.

మీట తీసేసి, మనిషి భుజం ఎత్తులో ఒక ఇనుప పలక బిగించాడు. భుజంతో తోస్తేనే తలుపు వస్తుంది. దొర వెనక కాళ్ళమీద లేచి, ముందు కాళ్ళు రెండూ ఆ పలక మీద పెట్టి, తలుపుతోపాటే గదిలోకి వెళ్ళిపోయింది. లోపలికెళ్ళి ఏం చేసిందంటారా? గువ్వ మంచం మీద పడుకుంది.

అప్పుడు ఆయనకి పట్టుదల వచ్చింది. పలకా మీటా రెండూ పెట్టాడు. రెండూ ఒకేసారి నొక్కితేనే తెరుచుకునేట్టు లోపల స్ప్రింగులు కట్టాడు. ఒక రాత్రి, ఒక పగలు అదే పని. ఏ కంపెనీ చేయలేదు ఇలాంటిదని మురిసిపోతూ, ఇంట్లో ఉన్న ముసలితల్లిని పిలిచి చూపించి, చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి దొర పైన పలక మీద ఉంది, చిల్లర కింద మీట మీద ఉంది, తలుపు బార్లా తెరిచి ఉంది.

"ఒరేయ్," అంది ముసలావిడ కుర్చీలోంచి లేవకుండానే, "ఇద్దరు చేస్తేనే అయ్యే పనిని వాటికే ఇచ్చావేంట్రా? ఈ ఇంట్లో అంత పొందిక ఇంకెవరికుంది?"

"నవ్వకమ్మా."

"కుక్కకి తాళమెందుకురా, మాట చాలదూ?"

"మాట వినేవాళ్ళు మన ఇంట్లో ఎవరున్నారు కనక, కుక్కలు వినడానికి?"

ముసలావిడ ఏదో అనబోయి, గడియారం చూసి మానేసింది. నాలుగవుతోంది. రోజూ నాలుగింటికి గువ్వ ఆస్పత్రినుంచి వీడియో కాల్ చేస్తుంది. నానమ్మ ఫోను పట్టుకుని కుక్కల ముందు కూర్చుంటుంది. ముద్దుముచ్చట్లు అనుకునేవాడు తాళాలాయన. ఆ అరగంటా డ్రిల్లు మోత ఉండకూడదని తల్లి ఆయన్ని ఇంట్లోంచి గెంటేస్తుంది. ఆయన వీధి చివరిదాకా పోయి టీ తాగి వచ్చేవాడు. వచ్చేసరికి కుక్కలు అలిసిపోయి పడుకుని ఉండేవి. వాటికేం అలుపో ఆయనకి అర్థమయ్యేది కాదు.

శుక్రవారం సాయంత్రానికి ఇక సమయం లేదు. తనకి తెలిసిన వాటిలోకెల్లా గట్టి తాళం తెచ్చి వేశాడు. తలుపు దానంతటదే మూసుకుంటుంది, మూసుకోగానే తాళం పడుతుంది. లోపలా బయటా తాళంచెవితోనే తీయాలి. హ్యాండిల్ లేదు, మీట లేదు, పలక లేదు, కుక్క పట్టుకోవడానికి ఈకంత ఆధారం లేదు. చేతులు తోముకున్నవాళ్ళకి ఇంకొకరు తాళం తీసిపెడితే సరి. రెండు కుక్కలూ ఒక గంట ఆ తలుపు చుట్టూ తిరిగి, గీకి, వాసన చూసి, చివరికి ఓడిపోయి పడుకున్నాయి. తాళాలాయనకి ఏనుగెక్కినంత సంబరమైంది. ఆ రోజు ఆయన కడుపునిండా తిన్నాడు.

శనివారం నర్సు పదీ ఇరవైకే వచ్చింది. తాళాలాయన తల్లి పెరట్లో కుక్కలకి కాపలా ఉంది. ఒక పూట గది చూసి రమ్మని డాక్టరు ఒప్పుకున్నాడు కనక భార్య గువ్వని తీసుకుని పదకొండింటికి వస్తానంది. నర్సు గోడలమీద వేలు రాసి చూసింది. మంచం కింద టార్చి వేసి చూసింది. కిటికీకి దుమ్ము రాకుండా బిగించిన సన్నటి వల చూసి "ఊఁ" అంది. ఆవిడ నోట "ఊఁ" అంటే పెద్ద బిరుదే.

"ఇప్పుడు అసలుది చూడండి," అని తాళాలాయన ఆవిణ్ణి తనతోపాటు లోపలే నిలబెట్టి తలుపు వదిలాడు. తలుపు మెల్లగా, ఎంతో మర్యాదగా మూసుకుంది. టక్‌మని తాళం పడింది. "ఎలా ఉంది?"

"బాగుంది. తీయండి."

తాళాలాయన జేబు తడుముకున్నాడు. రెండో జేబు తడుముకున్నాడు. తాళంచెవుల గుత్తి బయట తాళంలోనే వేలాడుతోంది. పనిముట్ల పెట్టె హాల్లో ఉంది.

"అమ్మా!" అని కేకేశాడు. "తాళంచెవి బయటుంది, కాస్త తిప్పు!"

ముసలావిడ పెరటి తలుపు తీసుకుని వచ్చేలోపు ఆవిడ కాళ్ళ సందునుంచి చిల్లర దూసుకొచ్చింది. గుత్తి గలగలలాడుతుంటే ఏ కుక్క ఊరుకుంటుంది? ఎగిరి, పళ్ళతో పట్టుకుని లాగింది. గుత్తి నోట్లో పెట్టుకుని సోఫా కిందికి పోయింది. దొర వెళ్ళి సోఫా ముందు అడ్డంగా పడుకుంది.

"నా నడుము వంగదురా," అంది ముసలావిడ. "దొర జరగడంలేదు."

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని సామెత. ఆ బల్లికైనా అంత సిగ్గేసి ఉండదు. తాళాలాయన చెవులు ఎర్రబడ్డాయి. జేబులో ఏదైనా తీగముక్క ఉందేమోనని వెతికాడు. శుభ్రమైన గదిలోకి వస్తున్నానని ఉతికిన ప్యాంటు వేసుకున్నాడు, దాని జేబులో రుమాలు తప్ప ఏమీ లేదు.

నర్సు ఉన్న ఒక్క స్టూలు మీద కూర్చుంది. ఆవిడ కోపంగా లేదు, అదే ఆయనకి ఎక్కువ భయమేసింది.

"ఏమయ్యా, ఒక మాటడుగుతా. సోమవారం తర్వాత ఈ గదిలో ఉండేది నేను కాదు, మీ పిల్ల. ఏ తెల్లవారుజామునో జ్వరం వచ్చింది, లేవలేకపోయింది, అప్పుడు తాళంచెవి ఎక్కడుందో వెతుక్కుంటారా?"

తాళాలాయన మూసుకున్న తలుపు వైపు చూశాడు. పన్నెండు రోజులుగా బయటినుంచి లోపలికి ఏం రాకూడదో అదే చూశాడు. లోపల ఉండేది ఎవరో ఒక్కసారి కూడా తలుచుకోలేదు. ఎప్పుడూ తలుపుకి బయటిపక్కే నిలబడి పనిచేసే మనిషి చేసే తప్పది. ఇరవై రెండేళ్ళ పనితనమూ కలిసి తన కూతుర్ని గదిలో పెట్టి తాళం వేసింది.

"నేను... అది ఆలోచించలేదు సిస్టర్," అన్నాడు.

అప్పుడే వీధిలో కారు ఆగింది. నానమ్మ గొంతు, భార్య గొంతు, ఆ తర్వాత గువ్వ గొంతు వినిపించాయి. కుక్కలు రెండూ గోల గోలగా మొరిగాయి. రెండు నెలల తర్వాత చూస్తున్నాయి మరి, ఇక పిల్ల మీద పడి కింద పడేస్తాయి, గొట్టం లాగేస్తాయి. తాళాలాయన తలుపుని రెండు చేతులతో గుద్దాడు. "పట్టుకోవే! కుక్కల్ని పట్టుకో!"

"కూర్చో," అంది గువ్వ గొంతు. అరవలేదు, మామూలుగానే అంది.

మొరుగుడు ఆగిపోయింది.

"దొరా, ఇటు రా. కూర్చో. చిల్లరా, నోట్లో ఏంటది? వదులు. వదులన్నానా?"

గుత్తి నేలమీద పడ్డ చప్పుడు తలుపు ఇవతలికి కూడా వినిపించింది. నర్సు స్టూలు మీంచి లేచింది. తాళం తిరిగింది, తలుపు బార్లా తెరుచుకుంది. భార్య తాళంచెవితో నిలబడి ఉంది. ఆవిడ వెనక గువ్వ, ముఖానికి మాస్కు, కాళ్ళకి సాక్సులు. గువ్వకి అటొకటి ఇటొకటి కుక్కలు. ఒళ్ళంతా వణుకుతున్నాయి, తోకలు నేలని బాదుతున్నాయి, కానీ కూర్చునే ఉన్నాయి.

"గడప దాటవు," అంది గువ్వ నర్సుతో. "కావాలంటే చూడండి."

నర్సు చూసింది. చూడటం ఆవిడకి చాలదు కదా. తన చేతిసంచిలోంచి బిస్కెట్టు తీసి, గది మధ్యలోకి విసిరింది. "ఈ గది ఎలాగూ మళ్ళీ తుడవాలి," అని గొణిగింది. దొర కళ్ళు బిస్కెట్టు మీదే ఉన్నాయి, నోట్లోంచి చొంగ గడప మీద పడింది. చిల్లర పొట్టమీద పాక్కుంటూ వచ్చి, ముక్కు సరిగ్గా గడప అంచుకి ఆనించి, ఒక ఏడుపు ఏడిచింది. గడప దాటలేదు. ఒక నిమిషం గడిచింది. రెండు గడిచాయి. కుక్క తోక వంకరని తెలిసిన నర్సు గడియారం చూసుకుంటూ అయిదు నిమిషాలు నిలబెట్టింది.

"ఎవరు నేర్పారు?"

"నేనే. ఫోన్లో. రోజూ నానమ్మ గడప దగ్గర సుద్దతో గీత గీసేది, నాన్న వచ్చేలోపు తుడిచేసేది. దాటకపోతే నానమ్మ రొట్టెముక్క పెట్టేది. దాటితే నేను ఫోను పెట్టేసేదాన్ని. వాటికి అది ఇష్టం ఉండదు."

తాళాలాయన తల్లి వైపు తిరిగాడు. "నాకెందుకు చెప్పలేదమ్మా? పన్నెండు రోజులు నన్ను పిచ్చివాణ్ణి చేశారా?"

ముసలావిడ మనవరాలి వైపు చూసింది. గువ్వ మాస్కు కాస్త సర్దుకుంది.

"నేనే చెప్పొద్దన్నా నాన్నా. నువ్వు తాళాలు బిగిస్తుంటే ఏడవవు. ఖాళీగా ఉంటే ఆస్పత్రి మెట్లమీద కూర్చుని ఏడుస్తావు. కిటికీలోంచి కనపడుతుంది."

తాళాలాయనకి ఇక ఏడుపు ఆగలేదు. నర్సు ముందే, భార్య ముందే, కుక్కల ముందే గోడకి ఆనుకుని భోరుమన్నాడు. తొమ్మిదేళ్ళ పిల్ల, కడుపులో గొట్టం పెట్టుకుని, ఆస్పత్రి మంచం మీంచి తండ్రికి పని కల్పించింది. ఆ పిల్లకి తనేదో కాపలా కాస్తున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. భార్య వచ్చి చెయ్యి పట్టుకుంది. ఆవిడా ఏడుస్తోంది, నవ్వుతోంది కూడా.

నర్సు గది మధ్యలోని బిస్కెట్టు ఏరి తీసి, తలుపు దగ్గరికి వచ్చింది.

"ఈ తాళం పీకేయండి. మోచేత్తో తీసే మామూలు హ్యాండిల్ పెట్టండి. తలుపూ మూయాలి, కుక్కలకి మాటా ఉండాలి, రెండూ ఉండాలి. సోమవారం పిల్లని పంపిస్తాం." కాగితం మీద సంతకం పెడుతూ తలెత్తింది. "సంచి తగిలించడం ఎవరు నేర్చుకుంటున్నారు?"

"నేను," అంది భార్య. "కానీ సిస్టర్, గొట్టం చూస్తే నా చేతులు వణుకుతాయి. మొన్న రెండుసార్లు జారింది."

నర్సు తాళాలాయనని చేతులు చాపమంది. అటూ ఇటూ తిప్పి చూసింది. వేళ్ళనిండా గీతలు, పాత గాయాలు. మనిషి ఇంకా వెక్కుతున్నాడు, చేతులు మాత్రం రాయిలా నిలకడగా ఉన్నాయి.

"ఇవి నేర్చుకుంటాయి," అంది. "గోళ్ళు కత్తిరించుకుని రేపు ఎనిమిదింటికి వార్డుకి రండి. రేపటి నాలుగు సంచులూ నా ముందు మీరే తగిలించాలి."

సోమవారం మధ్యాహ్నం ఆయన గడియారం చూసుకుని మూడు నిమిషాలు చేతులు తోముకున్నాడు. మోచేత్తో తలుపు తీశాడు, వీపుతో మూశాడు. గువ్వ మంచం మీద కూర్చుని చొక్కా అంచు పైకి పట్టుకుంది. బయట కుక్కలు ఒకసారి మూలిగి ఊరుకున్నాయి. సంచి కొనమీది మూత తీశాడు. గొట్టం మొన మీది మూత తీశాడు. రెండింటినీ దేనికీ తగలనీయకుండా కలిపి, నర్సు చెప్పినట్టు గట్టిగా బిగిసేదాకా తిప్పాడు.

"నాన్నా, ఊపిరి పీల్చుకో," అంది గువ్వ.

"పీలుస్తూనే ఉన్నానే."

"లేదు. చూస్తున్నా కదా."

ఆయన ఊపిరి పీల్చుకుని, క్లిప్పు వదిలాడు. నీళ్ళు కదిలాయి. తండ్రీ కూతుళ్ళిద్దరూ ఆ గొట్టం వైపే చూస్తూ కూర్చున్నారు.